ఎడమకాలి పని

గేర్ల బండిలో ఎడమకాలికి ఉన్నది ఒకటే పని, క్లచ్ తొక్కడం, వదలడం. తొక్కడం మొదటిరోజే వస్తుంది. వదలడం రావడానికి ఏళ్లు పడుతుంది. ఎంత వదిలితే బండి కదులుతుందో, ఇంకాస్త వదిలితే ఇంజన్ ఎక్కడ ఉలిక్కిపడి ఆగిపోతుందో అరికాలికి తెలియాలి. ఆ ఎరుక తలలో ఉండదు. ఎవరైనా అడిగితే నోటితో చెప్పడం కుదరదు. పాకం తీగసాగిందో లేదో రెండు వేళ్ల మధ్య పట్టి చూసే పెద్దమ్మ కూడా అంతే. ఎన్ని నిమిషాలు మరగాలంటే చెప్పలేదు. వేలికి తెలుసు.

ఆటోమేటిక్ బండిలో ఆ కాలికి పనే లేదు. ఎడమపక్కన ఆనించుకోవడానికి కాస్త చోటు ఉంటుంది. అక్కడ పెట్టి ఊరుకోవడమే.

తారురోడ్డు మీద ఈ తేడా గురించి ఇంత ఆలోచన అక్కర్లేదు. సాయంత్రం ఆరుగంటలకి కూకట్‌పల్లిలో ఇరుక్కున్నవాళ్లకి ఏది సుఖమో అందరికీ తెలిసిందే. తారు అయిపోయి రాళ్లు మొదలయ్యేచోట, ముందు ఒక వాగు అడ్డంగా పారేచోట, ఆ కాలికి పని ఉంటే మేలా, లేకపోతే మేలా? ఇంట్లో ఫోర్ బై ఫోర్ బండి ఒకటి కొందామన్న మాట నడుస్తోంది. ఏ బండి అన్నది దాదాపు తేలింది. గేర్లదా, ఆటోమేటిక్కా అన్నదే తేలలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, వీధిలో ఇంకా ఏ చప్పుడూ లేని ఆ కాసేపూ, ఈ ప్రశ్నే మెదులుతూ ఉంటుంది.

తేలనందుకు బాధేమీ లేదు. దీని చుట్టూ తిరుగుతుంటే బండ్ల సంగతి కన్నా వేరే సంగతులు ఎక్కువ కనబడుతున్నాయి.

ఒకప్పుడు ఈ ప్రశ్నకే చోటు లేదు. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులతో బండ్ల వ్యాపారంలోకి దిగిన నాటికి, ఆ జీపులో నేల మీంచి లేచి నిలబడ్డ రాడ్లు మూడు. ఒకటి గేర్లకి. ఒకటి ముందు చక్రాలకి కూడా బలం అందించడానికి. మూడోది లో గేరుకి. ముందుకు పోవడానికి మూడే గేర్లు, వాటిలో ఫస్ట్ గేరుకు సింక్రో, అంటే పళ్ల వేగాలను తనే కలిపే అమరిక, లేదు. బండి ఆగితే మెత్తగా పడుతుంది. కదులుతుండగా వేయాలంటే డబుల్ క్లచ్ కొట్టి, అంటే క్లచ్ రెండుసార్లు తొక్కి వదిలి, ఇంజన్ వేగాన్ని చెవితో అంచనా కట్టి వేయాలి. పాత లారీ డ్రైవర్లు ఈ పనిని పాటలో తాళం వేసినంత తేలిగ్గా చేసేవారు.

1985లో జిప్సీ వచ్చింది. గేర్లదే. 2010లో థార్ వచ్చింది. అదీ గేర్లదే. ఎన్నుకోవడానికి ఏమీ లేనప్పుడు మనిషి తనకు దొరికినదాన్ని నేర్చుకుంటాడు. నేర్చుకున్నాక దాన్నే ప్రేమిస్తాడు. 2020 అక్టోబరులో కొత్త థార్ వచ్చేసరికి ఆరు గేర్ల మాన్యువల్, ఆరు గేర్ల ఆటోమేటిక్ పక్కపక్కన నిలబడ్డాయి. 2023 జూన్‌లో జిమ్నీ కూడా రెండు రకాలుగానే వచ్చింది, ఐదు గేర్ల మాన్యువల్‌తో ఒకటి, నాలుగు గేర్ల ఆటోమేటిక్‌తో ఒకటి. ఇంగ్లండులో సోలిహల్ కర్మాగారం నుంచి పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్లలో చివరిది 2016 జనవరి 29న బయటికొచ్చింది. తరతరాల డ్రైవర్లకు అది గేర్ల బండిగానే తెలుసు. దాని తర్వాత వచ్చిన కొత్త డిఫెండర్‌లో క్లచ్ పెడలే లేదు.

ఎంచుకునే వీలు వచ్చాక ప్రేమించడం కొంచెం కష్టమవుతుందా? దొరికినదానితో సరిపెట్టుకున్న రోజుల్లో ఉన్న నిశ్చింత, రెండూ ఎదురుగా ఉన్నప్పుడు ఎందుకుండదో తెలియదు. ఏది తీసుకున్నా రెండోది పక్కనుంచి చూస్తూనే ఉంటుంది.

రాళ్లదారిలో బండికి కావలసింది వేగం కాదు, నెమ్మది. వేగం తెచ్చుకోవడం తేలిక. నెమ్మదిని బలంతో కలిపి తెచ్చుకోవడమే కష్టం. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే బలం ఉండదు, బలం కోసం వేగంగా తిప్పితే చక్రం పరుగెత్తుతుంది. ఈ చిక్కు తీర్చడానికే లో గేరు. ఫోర్ లో వేసి ఫస్ట్‌లో పెడితే బండి నడిచే మనిషి కన్నా నిదానంగా పాకుతుంది. బండల మధ్య చక్రం ఎక్కడ ఆనుతోందో చూసుకునేంత వ్యవధి దొరుకుతుంది.

జిమ్నీ లెక్కలు కాగితం మీద వేసి చూశాను. గేర్ల జిమ్నీలో ఫోర్ లో, ఫస్ట్ గేరు కలిస్తే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజన్ దాదాపు 36 సార్లు తిరుగుతుంది. ఆటోమేటిక్ జిమ్నీలో అది దాదాపు 25. కాగితం మీద చూస్తే గేర్ల బండికే ఎక్కువ నెమ్మది, ఎక్కువ పట్టు. అక్కడితో ఆగితే జవాబు దొరికినట్టే. కానీ ఆటోమేటిక్ బండిలో ఈ అంకెలకు ఎక్కని వస్తువు ఒకటి ఉంది. అది నూనె.

టార్క్ కన్వర్టర్ అనే ఆ గుండ్రటి డబ్బాలో ఇంజన్ వైపు ఒక రెక్కల చక్రం, గేర్ల వైపు ఒక రెక్కల చక్రం ఎదురెదురుగా ఉంటాయి. వాటికి ఒకదానితో ఒకటి తాకిడి లేదు. మధ్యలో నిండా నూనె. ఇంజన్ వైపు చక్రం నూనెను విసురుతుంది, ఆ విసురుకి అవతలి చక్రం కదులుతుంది. తిరిగివచ్చే నూనెను సరైన వైపు మళ్లించడానికి నడుమ మూడో చక్రం. బండి రాయికి ఆని నిలబడిపోయినప్పుడు కూడా ఇంజన్ ఆగదు. నూనె నెడుతూనే ఉంటుంది. చక్రం కదలని ఆ క్షణంలో ఇంజన్ బలం సాధారణంగా రెండింతల దాకా పెరిగి అందుతుంది. 36కీ 25కీ మధ్య ఉన్న లోటును నూనె ఇలా పూడుస్తుంది.

ఇదంతా మొదలైంది నీటి మీద. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరు ఓడల కోసం ఈ పద్ధతి కనిపెట్టి 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది. ఓడ వెనక నీటిని తోసే రెక్కలు నిదానంగా తిరగాలి. ఆ రెండిటికీ సంధి కుదర్చడానికి ద్రవాన్ని మధ్యవర్తిగా పెట్టాడు. వేగంగా పోయేదాన్నీ నిదానంగా పోవలసినదాన్నీ కలపడానికి గట్టి వస్తువు కన్నా మెత్తటిదే పనికొచ్చిందన్న సంగతి దగ్గర కాసేపు ఆగిపోవాలనిపిస్తుంది.

ఆటోమేటిక్ అంటే పట్నంలో సుకుమారుల బండి అన్న మాట ఒకటి ఉంది. కానీ 1939 చివర్లో జనరల్ మోటార్స్ మార్కెట్లోకి తెచ్చిన హైడ్రామాటిక్ గేరుబాక్సు, కొద్ది ఏళ్లకే ఎం5 స్టువర్ట్, ఎం24 షాఫీ యుద్ధ ట్యాంకుల్లోకి వెళ్లింది. బురదలో, మంచులో, గుండ్ల కింద పనిచేసింది. దాని నూనె సంధి ఇప్పటి టార్క్ కన్వర్టర్ కన్నా సరళమైనది. అయినా క్లచ్ తొక్కే పని మాత్రం లేదు. ట్యాంకు నడిపే కుర్రవాడు గేర్లు మార్చే పని నుంచి తప్పించుకుని కళ్లు బయటికి పెట్టగలిగాడు. సుకుమారం అన్న మాట ఇక్కడ నిలబడదు.

గేర్ల బండి మనిషిని మెలకువగా ఉంచుతుందని దాన్ని ఇష్టపడేవాళ్లు అంటారు. ఇది నిజమేనా?

కొత్తగా నేర్చుకున్నవాడి ధ్యాస ఎక్కడ ఉంటుంది? కాలి దగ్గర. ముందున్న బండ దగ్గర కాదు. క్లచ్ ఎంత వదిలాను, ఇంజన్ వణుకుతోందా, ఇంకాస్త ఎక్సలేటర్ ఇవ్వాలా అన్న లెక్కల్లో పడి, కుడి చక్రం గాడిలోకి జారుతున్న సంగతి చూడడు. మెలకువ ఉంది, కానీ అది బండి లోపలే తిరుగుతోంది. అదే మనిషిని ఆటోమేటిక్‌లో కూర్చోబెడితే కళ్లు దారి మీదికి వెళ్తాయి. రాయి ఎంత ఎత్తుందో, నీళ్ల కింద ఏముందో చూసే తీరిక దొరుకుతుంది.

పదేళ్లు గేర్ల బండి నడిపినవాడికి ఈ ఇబ్బంది లేదు. అతని కళ్లు కూడా దారి మీదే ఉంటాయి, ఎందుకంటే కాలు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. అంటే అనుభవమున్న డ్రైవరు ఒంట్లోనే ఒక ఆటోమేటిక్ గేరుబాక్సు తయారైపోయిందనుకోవచ్చు. మరి ఒంట్లో ఉన్నదాన్ని బండిలో పెట్టుకుంటే పోయేదేమిటి?

పోయేది ఏదో ఉందనే అనిపిస్తుంది. అదేమిటో చెప్పబోతే జారిపోతుంది. బహుశా, ఒంట్లో తయారైన ఆ నేర్పు వెనక తడబడ్డ రోజులున్నాయి. ఆ రోజుల్లో దారి కూడా కాలిలోకి ఎక్కింది. నల్లరేగడి తడిసినప్పుడు చక్రాన్ని ఎలా పట్టుకుంటుందో, గులకరాళ్లు ఎలా జారనిస్తాయో, పెడల్ మీద పడే చిన్న అదురులో తెలిసేది. బండిలో అమర్చి ఇచ్చిన నేర్పుకి ఆ జ్ఞాపకం లేదు. కానీ ఇది నేర్చుకున్నవాడి మమకారమా, నిజంగా దారికి పనికొచ్చే సంగతా అని ప్రశ్నించుకుంటే తేల్చుకోలేకపోతున్నాను. ఆటోమేటిక్ నడిపేవాళ్లకీ అదురు తెలుస్తుంది. కాలికి కాకపోతే నడుముకి, చేతులకి, చెవికి. ఒక ద్వారం మూస్తే ఒళ్లు మరో ద్వారం తెరుచుకుంటుందేమో.

దిగుడు దగ్గరికి వచ్చేసరికి ఈ ఆలోచన ఇంకో మలుపు తిరుగుతుంది.

బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతం వైపు జీపులు పోతాయి. గోస్తని నీళ్లు దూకే చోటు అది. జీపులన్నీ ముసలివే, గేర్లవే. దారి కొంతదూరం మట్టి, కొంతదూరం ఉత్త రాళ్లు. వాన పడిన మర్నాడు ఆ రాళ్ల మీద ఎర్రటి బురద పూత ఉంటుంది. అలాంటి ఒక దిగుడులో డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఫస్ట్ గేరులో వేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి, అతను రెండు కాళ్లూ వెనక్కి లాక్కున్నాడు. బ్రేకు మీద కూడా లేవు. కిందికి చూస్తే లోయ, కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల తలలు. నేను అతని కాళ్ల వైపే చూస్తున్నానని గమనించి అన్నాడు, "దిగుడులో కాళ్లు ముడుసుకుని కూకోవాలి సార్. బ్రేకు తొక్కితే టైరు జారిపోద్ది. ఇంజనే దింపుద్ది."

నిజంగానే ఇంజనే దింపింది. చక్రాలు తిరగాలని తొందరపడుతున్నాయి, లోపల ఇంజన్ వాటిని వెనక్కి పట్టుకుంటోంది. ఆ గొంతు ఒకే శ్రుతిలో, పెరగకుండా తగ్గకుండా. గేర్ల బండిలో ఇంజన్‌కీ చక్రానికీ మధ్య పట్టు నేరుగా ఉంటుంది, జారేది ఏదీ లేదు. అందుకే దిగుడులో గేర్ల బండి మాట తిరుగులేనిది. ఆటోమేటిక్‌లో నూనె కొంచెం జారనిస్తుంది, ఇంజన్ పట్టు కాస్త సడలుతుంది. ఆ సడలింపుకి ఇప్పుడు మందు ఉంది. హిల్ డిసెంట్ కంట్రోల్ అని, ఏ చక్రం ఎంత జారుతోందో చూసుకుంటూ బండే విడివిడిగా బ్రేకులు వేసుకుంటుంది. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌తో ఇది మొదట వచ్చింది. ఆ బండికి లో గేరు లేదు కాబట్టి దాని బదులు ఇది పెట్టారు. ఇప్పుడు జిమ్నీలోనూ ఉంది, ఆటోమేటిక్ థార్‌లోనూ ఉంది.

కానీ ఆ డ్రైవరు కాళ్లు మడుచుకున్న తీరే ఇంకా కళ్లలో ఉంది. గేర్ల బండి అంటే అస్తమానం ఏదో ఒకటి చేస్తూ ఉండటమనుకుంటాం. అందులోనూ అన్నిటికన్నా కష్టమైన చోట చేయవలసింది, ఏమీ చేయకపోవడం. దిగేముందే సరైన గేరు ఎంచుకోవాలి. ఎంచుకున్నాక దాన్ని నమ్మి ఊరుకోవాలి. మధ్యలో భయం వేసి క్లచ్ తొక్కితే ఇంజన్ పట్టు పోతుంది, బండి స్వేచ్ఛగా పరుగెత్తుతుంది. ఆటోమేటిక్ బండి దారి పొడుగునా అడిగే ఊరుకోవడాన్నే, గేర్ల బండి ఆ ఒక్క దిగుడులో అడుగుతోంది. రెండిటి మధ్య అనుకున్నంత ఎడం లేదేమో.

ఎక్కుడులో మాట వేరు. నిట్టనిలువు చోట గేర్ల బండి సగంలో ఆగిపోయిందనుకుంటే, పాత జీపు డ్రైవర్లకు ఒక క్రమం ఉంది. బ్రేకు నొక్కి పట్టి, రివర్స్ గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, అప్పుడు తాళం తిప్పుతారు. ఇంజన్ అంటుకుంటూనే బండిని వెనక్కి, అదుపులో, కిందికి దింపుతుంది. కంగారులో క్లచ్ తొక్కి పట్టుకున్నవాళ్ల బండి అడ్డం తిరుగుతుంది. ఈ పని బాగా వచ్చినవాళ్ల చేతుల్లో చూడముచ్చటగా ఉంటుంది. ఆటోమేటిక్ బండిలో ఇంజన్ ఆ చోట అసలు ఆగిపోదు. పైకి పోలేకపోతే బండి పోలేనని చెప్పి అక్కడే నిలబడుతుంది. బ్రేకు పట్టి రివర్స్‌లో పెట్టుకుని దిగొచ్చు. ఇంత నేర్పు అక్కర్లేకుండానే ఒక మనిషి క్షేమంగా ఇంటికి చేరుతున్నాడంటే దాన్ని తక్కువ చేయడానికి మనసొప్పదు.

హాఫ్ క్లచ్ సంగతి కూడా ఉంది. రాళ్ల మధ్య బండిని సగం క్లచ్ మీద ఆపుతూ వదులుతూ పోతే లోపల ప్లేటు ఒరుసుకుని వేడెక్కుతుంది. ఒక ఘాటైన కాలిన వాసన వస్తుంది. ఆ వాసన ఎరిగినవాళ్లకు అది ఎంత ఖర్చో తెలుసు. టార్క్ కన్వర్టర్ కూడా వేడెక్కుతుంది, కానీ ఆ వేడి నూనెలోకి పోతుంది, నూనె కూలర్‌లోకి పోయి చల్లబడుతుంది. చల్లబడేందుకు కాసేపు ఆగి నిలబడితే చాలు.

ఇసుకలో తూకం ఇంకాస్త ఒకవైపుకి మొగ్గుతుంది. ఇసుక బండిని ప్రతి క్షణం వెనక్కి లాగుతూనే ఉంటుంది. గేరు మార్చడానికి క్లచ్ తొక్కిన ఆ రెప్పపాటులో చక్రానికి బలం అందదు. ఆ రెప్పపాటు చాలు, బండి దిగబడటానికి. ఆటోమేటిక్‌లో గేరు మారేటప్పుడు కూడా తోపు తెగిపోదు. రాయచోటి నుంచో, జగిత్యాల నుంచో గల్ఫుకి వెళ్లి డ్రైవర్లుగా బతుకుతున్న మనవాళ్లలో ఎడారి తిన్నెలు ఎక్కినవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ ముందు టైర్లలో గాలి తగ్గిస్తారు, ఆ తర్వాతే తిన్నె ఎక్కుతారు. గాలి తీసేసిన టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. గేరుబాక్సు ఏదైనా, బరువు తగ్గించుకోలేనప్పుడు ఆ బరువుని కాస్త ఎక్కువ చోటు మీద పరచడమే ఉపాయం.

వాగు దగ్గర తొందరపడి బండి దింపకుండా ముందు నడిచి చూస్తారు, తెలిసినవాళ్లు. లోతు ఎంత, అడుగు గట్టిదా మెత్తదా. థార్ 650 మిల్లీమీటర్ల లోతు దాకా నీళ్లు దాటగలదని తయారీదారులు చెబుతారు. ఆ లెక్క నిలిచిన నీళ్లకి. పారే నీటికి లోతొక్కటే కొలత కాదు. గేర్ల బండి అయితే నీళ్లలోకి దిగేముందే గేరు ఎంచుకుని, అవతలి ఒడ్డు చేరేదాకా క్లచ్ ముట్టుకోకూడదు. ఆటోమేటిక్‌కి ఆ బాధ లేదు. దానికి వేరే బాధ ఉంది. బ్యాటరీ పడుకుందంటే గేర్ల బండిని నలుగురూ కలిసి తోసి సెకండ్‌లో క్లచ్ వదిలితే చాలావరకు అంటుకుంటుంది. ఆటోమేటిక్‌ని ఎంత తోసినా అంటుకోదు. ఫోను సిగ్నలు అందని ఏజెన్సీ లోయలో ఇది చిన్న సంగతి కాదు. తోసే నలుగురు అక్కడ దొరుకుతారు. దొరకనిది ఇంకో బ్యాటరీ.

ఇవన్నీ మనిషి వైపు నుంచి చేసుకున్న ఆలోచనలు. నేల వైపు నుంచి ఎవరూ అడగరు. నాకు ఈమధ్య అటువైపు ఆలోచన ఎక్కువగా పోతోంది.

చక్రం ఒక్కచోట గిర్రున తిరిగితే నేల తెగుతుంది. కొండవాలు ఎర్రమట్టిలో పడ్డ ఆ గాడిలోకి మొదటి వానకి నీళ్లు చేరతాయి, రెండో వానకి కాలవ కడతాయి. రెండు మూడేళ్లకి అక్కడ దారి ఉండదు, గండి ఉంటుంది. ఆ దారినే నెత్తిన కట్టెలు పెట్టుకుని నడిచేవాళ్లు, సంతకి పోయేవాళ్లు, బడికి పోయే పిల్లలు ఉన్నారు. మనకి ఆదివారం సరదాగా కనబడే దారి వాళ్లకి రోజూ దారి. చక్రం ఉన్నచోటే తిరగకుండా, జారకుండా, ఎంత బలం కావాలో అంతే ఇచ్చి ముందుకు జరిగే బండి నేలకి మంచిది. కొత్త చేతికి ఆ పని ఆటోమేటిక్‌లో తేలిక, ఎందుకంటే క్లచ్ ఒక్కసారిగా వదిలేసే కుదుపు అందులో లేదు. పండిన కాలికి గేర్ల బండిలోనూ తేలికే. అంటే నేలకి గేరుబాక్సుతో పనిలేదు. దాని మీద ఎవరు తొందరపడుతున్నారు, ఎవరు పడటం లేదు అన్నదానితోనే పని.

తొందరపడని డ్రైవర్లని చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం. ఒక బండరాయి ముందు బండి ఆపి, దిగి, రాయి చుట్టూ తిరిగి, కూర్చుని చక్రం ఎత్తు నుంచి చూసి, మళ్లీ ఎక్కే మనిషి. ఆ దిగడం, చూడటం ఏ గేరుబాక్సులోనూ అమర్చి రాదు.

మా అబ్బాయికి గేర్ల బండే కావాలి. "నాన్నా, రోజంతా అన్నీ వాటంతట అవే జరిగిపోయే పనిలో కూర్చుంటాను. కొండెక్కినప్పుడైనా నా చేత్తో నేను చేసుకునే పని ఒకటి ఉండనీ" అన్నాడు. వాడు చెప్పింది అర్థమైంది. వాడు ఊళ్లో నడిపేది ఏఎంటీ బండి. నూనె సంధి కాదది, మామూలు క్లచ్‌నే యంత్రం చేత తొక్కించే పద్ధతి. 2014లో సెలేరియోతో మన దేశానికి వచ్చింది. గేరు మారేటప్పుడు ఒక చిన్న తడబాటు ఉంటుంది దానిలో. ఆటోమేటిక్ అంటే అదే అన్న అభిప్రాయం వాడిలో ఉండిపోయింది. టార్క్ కన్వర్టర్ ఉన్న బండిని రాళ్లలో నడిపి చూడలేదు.

నాకు ఆటోమేటిక్ వైపే మనసు లాగుతోంది. మోకాలి నొప్పి వల్ల కాదు, అదీ కొంత ఉన్నా. ఇన్నేళ్లూ ఎడమకాలు చేసిన పని చాలుననిపిస్తోంది. అది నేర్చుకున్నది పోదు. పని లేకుండా అది ఊరికే ఉన్నప్పుడు, ఇన్నాళ్లూ అది దాచిపెట్టిన చోట్లలో ఇంకేమైనా కనబడుతుందేమో చూడాలని ఉంది. ఘాట్ రోడ్డు పక్కన మిరియపు తీగ ఏ చెట్టుకి అల్లుకుందో, మలుపు దగ్గర నీటిబుగ్గ ఎక్కడినుంచి వస్తోందో. గేర్ల బండి నడిపిన రోజుల్లో ఇవి చూడలేదని కాదు. చూశాను. పూర్తిగా చూశానా అన్నదే అనుమానం.

వాడికి చేతినిండా పని దొరకడంలో తృప్తి ఉంది, నాకు పని తగ్గడంలో. వయసు వల్ల ఇలా ఉందో, బతికిన తీరు వల్లో. వాడి వయసులో నాకు ఈ ఎంపిక ఎదురైతే నేనూ వాడిలాగే అనేవాడినని అనుకుంటాను. వాడు నా వయసుకి వచ్చాక ఏమంటాడో చెప్పలేను. అప్పటికి క్లచ్ ఉన్న బండ్లు మిగులుతాయో లేదో. మిగలకపోతే ఆ అరికాలి ఎరుక ఎక్కడికి పోతుంది? నేర్చుకునేవాళ్లు లేక నేర్పు పోవడం కొత్తేమీ కాదు. డబుల్ క్లచ్ వేయగలిగినవాళ్లు ఇప్పుడు మా చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారు? దాని కోసం ఎవరూ కంటతడి పెట్టలేదు. అయినా ఒక మంచి పని చేయడం తెలిసిన మనిషి చివరివాడవుతున్నాడంటే కాస్త బెంగగానే ఉంటుంది.

అసలు మేము ఎక్కబోయే దారులు ఎంతటివి? వంజంగి వైపు, మారేడుమిల్లి వైపు, ఎప్పుడైనా నల్లమలలో ఇష్టకామేశ్వరి గుడి దారిలాంటిది. ఏళ్లుగా మామూలు జీపులు పోతున్న దారులే ఇవి. మాకు దొరికే ఏ బండైనా వాటికి ఎక్కువే. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడు ఎంపిక బరువు తగ్గిపోతుంది. ఏది తీసుకున్నా సరిపోతుందని తెలిశాక కూడా ఎందుకు ఆలోచిస్తున్నట్టు? ఇష్టం కొద్దీ. ఇష్టమైన వస్తువు గురించి అవసరం తీరాక కూడా ఆలోచించడం బాగుంటుంది.

వానలు తగ్గాక ఒకే దారిలో రెండు రకాలూ నడిపి చూద్దామని అబ్బాయి అంటున్నాడు. తెలిసినవాళ్ల దగ్గర గేర్లదొకటి, ఆటోమేటిక్‌దొకటి ఉన్నాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఏది బాగా ఎక్కింది, ఏది బాగా దిగింది అని వాడు రాసుకుంటాడు, వాడి పద్ధతి అది. నేను చూడదలుచుకున్నది వేరు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏ బండిలో వెళ్లిన కొండ నాకు ఎక్కువ గుర్తుంటుందో.